అనుభవ రాహిత్య ధ్రువపత్రం

మా కాలేజీ ఇంటర్న్‌షిప్ సెల్లుకు నన్ను సమన్వయకర్తగా వేయడానికి ఒకే ఒక్క కారణం ఉంది. స్టాఫ్ గదులన్నింటిలోకీ నా గది తాళమే సరిగ్గా పడుతుంది.

"సర్టిఫికెట్లు భద్రంగా ఉండాలి ముక్తేశ్వరరావు గారూ, తక్కినవన్నీ వాటంతటవే జరుగుతాయి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన మాట ఎప్పుడూ పొల్లుపోదు. తక్కినవన్నీ వాటంతటవే జరిగాయి.

ఆ ఏడాది జూన్‌లో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలందరూ రెండు నెలలు ఏదో ఒక సంస్థలో పని నేర్చుకోవాలి, లేకపోతే పట్టా ఇవ్వరు. ప్రిన్సిపాల్ గారికి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, గేటు మీద ఉన్న 'విద్యయే ధనము' చెరిపించి 'అనుభవము లేనిదే పట్టా లేదు' అని రాయించారు. రాసిన పెయింటరు కుర్రాడికి అది చదివి అనుమానం వచ్చి, "నాకు అనుభవం ఉందండి, పట్టా ఇస్తారా?" అని అడిగాడట. అతన్ని పంపించేశారు.

బి.బి.ఏ.లో అరవైమంది ఉన్నారు. వారం తిరక్కుండా యాభైమంది, చేర్చుకుంటామన్న ఉత్తరాలు తెచ్చేశారు. ఒకడికి మేనమామ టెంట్‌హౌసు, ఒకమ్మాయికి పెదనాన్న బియ్యం మిల్లు, ఇంకొకడికి బావ ఫొటో స్టూడియో. మన ప్రాంతంలో సంస్థలకు కొదవుండొచ్చు గానీ చుట్టాలకు కొదవ లేదు. ఇది గమనించిన ప్రిన్సిపాల్ గారు రెండో సర్క్యులర్ తీశారు: 'అభ్యర్థి బంధువుల సంస్థలలో పొందిన అనుభవము అనుభవముగా పరిగణింపబడదు.' పిల్లలు తెలివైనవాళ్ళు. ఒకరి మేనమామను ఇంకొకరు వాడుకున్నారు. నాలుగు రోజుల్లో ఉత్తరాలన్నీ పేర్లు మారి మళ్ళీ నా బల్ల మీదికి వచ్చాయి.

ఇంతలో ఒక కుర్రాడు తాను ఇంటర్ నుంచీ సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తున్నానని, అదే లెక్కలో వేసుకోమనీ అడిగాడు. దాంతో మూడో సర్క్యులర్ వచ్చింది. అనుభవం అనేది ఇంటర్న్‌షిప్‌లో పొందవలసింది గనక, అంతకుముందే ఉండరాదు. కాబట్టి ప్రతి అభ్యర్థీ తనకు ఆ రంగంలో ఏమీ తెలియదని గెజిటెడ్ అధికారి చేత 'అనుభవ రాహిత్య ధ్రువపత్రము' తేవాలి. పిల్లలకు ఇది అన్నిటికన్నా సులువుగా దొరికింది. వాళ్ళను చూసిన ఏ అధికారీ క్షణం కూడా ఆలోచించలేదు.

చిక్కు వచ్చింది ఒక్కరికే. ఆమె బోడపాటి సత్యవేణి గారు.

సత్యవేణి గారికి నలభై ఎనిమిదేళ్ళు. మా ఊరి పెద్ద బజారులో ఇరవై రెండేళ్ళుగా గాజుల కొట్టు నడుపుతున్నారు. ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా పెళ్ళయి చదువు ఆగిపోయింది. నాలుగైదేళ్ళ కిందట వర్తకుల సమావేశంలో ఎవరో ఆఫీసరమ్మ ఫారాలు నింపుతూ, విద్యార్హత దగ్గరికి వచ్చి ఈవిడ మొహం చూసి, అడక్కుండానే 'లేదు' అని రాసేసిందట. "అడిగుంటే ఇంటర్ ఫస్టియర్ అని చెప్పుండేదాన్నండి. అడగలేదు" అని సత్యవేణి గారు నాతో చాలాసార్లు అన్నారు. ఆ పట్టుదలతోనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి మా కాలేజీలో చేరారు. పొద్దున క్లాసులకు వచ్చి మొదటి బెంచీలో కూర్చునేవారు. అప్పుడు కొట్టు దగ్గర భర్త సూర్రావు గారు ఉండేవారు. ఆయన మితభాషి. గాజుల కొట్లో కూర్చున్న మగవాడికి మాట్లాడవలసిన అవసరం పెద్దగా పడదు.

"మా కొట్లోనే చేసేస్తానండి మేస్టారూ" అన్నారు సత్యవేణి గారు మొదటి రోజున.

"మీరు ఇంటర్న్ అయితే యజమాని ఎవరండీ?"

"నేనేనండి."

"మరి మీ పనితనాన్ని అంచనా వేసి సంతకం పెట్టేదెవరు?"

"పొద్దున్నే అద్దం ముందు నిలబడి రోజూ వేసుకుంటూనే ఉంటానండి. సంతకం కావాలంటే పెట్టేస్తాను."

ఫారంలో అద్దానికి గడి లేదు. బయట ప్రయత్నించమని చెప్పాను.

బయట ప్రయత్నించాలంటే ముందు తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి. తండ్రి కాలం చేశారు. తల్లికి డెబ్భై మూడేళ్ళు, మండపేటలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. సత్యవేణి గారు బస్సెక్కి వెళ్ళి సంతకం చేయించుకొచ్చారు. ముసలావిడ కాగితం ఊరికే పోనివ్వలేదు. సంతకం కింద తన చేతి రాతతో, 'మా అమ్మాయి ఎండకు ఓర్చుకోలేదు. చీకటి పడకముందే ఇంటికి పంపవలెను' అని చేర్చింది. నిబంధన ప్రకారం సరిగ్గా ఉన్న మొట్టమొదటి అంగీకార పత్రం అదే కావడంతో ప్రిన్సిపాల్ గారు దాన్ని నమూనాగా నోటీసు బోర్డుకు పెట్టించారు.

ఆ పత్రం నకలు పట్టుకుని సత్యవేణి గారు కాకినాడ వెళ్ళారు. అదొక ప్రకటనల కంపెనీ. లోపలికి అడుగు పెట్టగానే ఒకమ్మాయి కుర్చీ చూపించి, "పేరెంట్స్ బయట కూర్చోవాలండి, లోపలికి క్యాండిడేట్ ఒక్కరే" అంది.

"క్యాండిడేట్‌ని నేనేనమ్మా."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది. ముగ్గురూ చాలా మర్యాదగా మాట్లాడారు. కాఫీ ఇచ్చారు. చివరికి వాళ్ళలో పెద్దవాడు, అంటే ఇరవై ఆరేళ్ళవాడు, "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగాడు.

"యాభై మూడులో బాబూ" అన్నారు ఈవిడ.

తర్వాత రాజమండ్రిలో ఒక స్కూటర్ల షోరూము. అక్కడి మేనేజరు ఈవిడతో పది నిమిషాలు మాట్లాడాక, మధ్యలో వచ్చిన ఒక కస్టమరుకు ఈవిడే బండి రంగు నచ్చజెప్పి కూర్చోబెట్టడం చూశాడు. "మీరు మాకు సరిపోరమ్మా. మీకు పని వచ్చు. పని వచ్చినవాళ్ళకి పని నేర్పామని రాస్తే రేపు ఆడిట్లో నన్ను అడుగుతారు" అన్నాడు. ఉద్యోగమైతే ఇప్పుడే ఇస్తానన్నాడు కూడా. కానీ ఉద్యోగానికి డిగ్రీ ఉండాలట.

ఇక మిగిలింది అనుభవ రాహిత్య ధ్రువపత్రం. తహసీల్దారు గారు ఫారం అటూ ఇటూ తిప్పి చూసి తల పట్టుకున్నారు.

"నీకు గాజులు అమ్మడం రాదని నా చేత్తో నేనెలా రాయనమ్మా? మా ఇంటావిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ దగ్గరే కొంటుంది. కిందటి శ్రావణంలో ఒక డజనుకని వచ్చి నాలుగు డజన్లతో ఇంటికొచ్చింది. కావాలంటే నీకు అనుభవం ఉందని రాసిస్తాను, పచ్చ సిరాతో."

సత్యవేణి గారు తిరిగొచ్చి నా గదిలో కూర్చున్నారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని దాని తాడు విప్పి మళ్ళీ ముడేశారు. ఎప్పుడూ గలగలలాడే మనిషి.

"మేస్టారూ, ఇది కాకపోతే పట్టా రాదు కదండీ?"

"రాదండి."

"ఏమీ రాదంటే ఆ ఫారంలో 'లేదు' అని రాశారు. వచ్చు అంటే ఈ ఫారంలో కుదరదంటున్నారు. నేను ఎంత వచ్చినదాన్నయితే సరిపోతానండీ?"

కమిటీ వేయించాను. జవాబు లేనప్పుడు వేయవలసింది అదే.

కమిటీ సమావేశం రెండున్నర గంటలు సాగింది. మొదటి అంశం: అభ్యర్థినిని సొంత కొట్లోనే చేయనిస్తే, అది బంధువుల సంస్థ కిందికి వస్తుందా? ఒక మనిషి తనకు తాను బంధువు అవుతుందా? తెలుగు లెక్చరరు గారు 'ఆత్మబంధువు' అనే మాట ఉందని గుర్తుచేయడంతో చర్చ కొంత జటిలమైంది. టీ తాగాక, ఆ మాట కవిత్వానికే గాని పరిపాలనకు వర్తించదని తీర్మానించారు. రెండో అంశం ఇరవై రెండేళ్ళ అనుభవం. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముఖ్యమైన మాట చెప్పేముందు ఆయన అలా చేస్తారు.

"సదరు అభ్యర్థినికి ఉన్నది కేవలము అమ్మకపు అనుభవము. విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళిక యందు నిర్వచింపబడిన మార్కెటింగ్ అనుభవము కాదు. అమ్మకము వేరు, మార్కెటింగ్ వేరు. తత్కారణముగా అభ్యర్థిని అనుభవ రహితురాలిగా పరిగణించుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు."

అందరూ బల్ల చరిచారు. తీర్మానం నకలు చదివి సత్యవేణి గారు, "అయితే ఇన్నేళ్ళూ నేను చేసింది ఏంటండీ?" అన్నారు.

"అమ్మకమండి."

"మార్కెటింగ్ అంటే?"

"అది మీరు ఈ రెండు నెలల్లో నేర్చుకోవాలి."

ఒకే ఒక షరతు పెట్టారు. కొట్లో మార్కెటింగ్‌లో ఎం.బి.ఏ. చేసిన మార్గదర్శకులు ఉండాలి. అలా మా కథలోకి దీక్షిత వచ్చింది.

దీక్షిత వయసు ఇరవై నాలుగు. ఎం.బి.ఏ. మంచి మార్కులతో పాసై ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉంది. ఎక్కడికి వెళ్ళినా అనుభవం అడుగుతున్నారు. సూర్రావు గారికి తెలిసిన పోస్టుమాస్టరు గారి అమ్మాయి. ఆమె వచ్చిన రోజు నేనూ కొట్టు దగ్గరున్నాను. సన్నగా, చేతికి ఒక గడియారం తప్ప ఏమీ లేకుండా, ల్యాప్‌టాప్ సంచీ గుండెకు హత్తుకుని నిలబడింది. సత్యవేణి గారు ముందు ఆ అమ్మాయి మొహం చూడలేదు, బోసి చేతులు చూశారు. "రెండు నాలుగు సైజు గాజు పడుతుంది" అన్నారు తనలో తాను.

నియామక పత్రం ప్రిన్సిపాల్ గారికి పంపాను. ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. 'మార్గదర్శకురాలికి సదరు వ్యాపారమున అనుభవము కలదా?'

లేదు. ఉండాలంటే ఎవరో నేర్పాలి. నేర్పగలిగింది సత్యవేణి గారే. మరి సత్యవేణి గారికి అనుభవం లేదని కమిటీ తీర్మానించి వారం కాలేదు.

నేను నిజంగానే ఆశ వదులుకున్నాను. ప్రిన్సిపాల్ గారు వదులుకోలేదు. సంస్థలు ఆయనలాంటివాళ్ళ మీదే నిలబడతాయి. మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది. 'ఉదయము పది మొదలు ఒంటిగంట వరకు సత్యవేణి గారు దీక్షిత గారికి పని నేర్పవలెను. మధ్యాహ్నము రెండు మొదలు ఐదు వరకు, ఆ విధముగా నేర్చుకొనిన దానిని దీక్షిత గారు సత్యవేణి గారికి నేర్పవలెను. మధ్యాహ్న భోజన విరామమున ఎవ్వరూ ఎవ్వరికీ ఏమియు నేర్పరాదు.'

రెండు హాజరు పుస్తకాలు తెరిచాం. పొద్దున గల్లా ముందున్న కుర్చీలో సత్యవేణి గారు, ముక్కాలి పీట మీద దీక్షిత కూర్చునేవారు. రెండింటికి ఇద్దరూ లేచి చోట్లు మారేవారు. సూర్రావు గారు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఎంతో ఆలోచించి, "ఏవండీ, మధ్యాహ్నం నేను ఎవర్ని అడిగి టీ తేవాలండి?" అన్నారు. నిబంధనల్లో చూసి చెప్తానన్నాను.

పొద్దుటి పాఠాలు బ్రహ్మాండంగా ఉండేవి.

"చూడమ్మా, మనిషి రాగానే మొహం చూడకు. మొహం అబద్ధమాడుతుంది. చెయ్యి చూడు. గుప్పిట మూసుకుందంటే చూసి పోదామని వచ్చింది. వేళ్ళు వదులుగా ఉన్నాయంటే కొంటుంది. ఇలా చెయ్యి అందుకో. బొటనవేలు కింద కండ నొక్కు. ఒక్క గాజు ఎక్కించు. చెయ్యి మన చేతిలో ఉన్నంతసేపూ బేరం మనదే. మాటల్లో పెట్టు. ఏ ఊరమ్మా, ఆయనేం చేస్తారు, పిల్లలెంతమంది? ఈలోగా డజను ఎక్కేస్తాయి."

మధ్యాహ్నం దీక్షిత, చోటు మారి, గొంతు సవరించుకుని, "కస్టమరు శారీరక భాషను గమనించి, స్పర్శ ద్వారా ఎంగేజ్‌మెంట్ పెంచి, వ్యక్తిగత సమాచారం సేకరించాలి" అని చెప్పేది. సత్యవేణి గారు నోట్సు రాసుకునేవారు. "బాగా చెప్పావమ్మా, ఇది నాకు తెలీదు" అనేవారు. నేను రెండు పుస్తకాల్లోనూ సంతకం పెట్టి వచ్చేవాణ్ణి.

పదకొండో రోజు మధ్యాహ్నం దీక్షిత పాఠం మొదలుపెట్టకుండా కూర్చుంది.

"ఆంటీ, ఒకటి అడగొచ్చా? ఈ పది రోజుల్లో నా వయసు వాళ్ళు ఎంతమంది వచ్చారు?"

సత్యవేణి గారు గుర్తు తెచ్చుకోబోయారు. పెళ్ళికూతురు ఒకతి వచ్చింది, తల్లి తీసుకొచ్చింది. అంతే.

"వాళ్ళు గాజులెక్కడ వేస్తారమ్మా ఈ రోజుల్లో. ఫ్యాషను."

"మీరు అడిగారా?"

"అడగటానికేముంది, తెలుస్తూనే ఉందిగా."

"తెలియడం కాదాంటీ, అడిగారా?"

మధ్యాహ్నం గనక దీక్షితే గురువు. సత్యవేణి గారు ఎదురు చెప్పలేకపోయారు. ఇద్దరూ గొడుగు వేసుకుని బస్‌స్టాండు దగ్గరి నర్సింగ్ స్కూలు గేటు ముందుకు వెళ్ళారు. పర్యవేక్షకుడిగా నేనూ వెళ్ళాను. దీక్షిత ముందే చెప్పింది, "మీరు ఏమీ అమ్మకూడదు, చెప్పకూడదు. అడిగి, విని, రాసుకోవాలి. అంతే." ఆ ముప్పావు గంట సత్యవేణి గారు నోరు మూసుకుని నిలబడటం నేను కళ్ళారా చూశాను. మా క్లాసులో మూడేళ్ళలో అది సాధ్యం కాలేదు.

మొదట వచ్చిన అమ్మాయిలు నవ్వేసి వెళ్ళిపోయారు. తర్వాత ఒకమ్మాయి ఆగింది. గాజులంటే ఇష్టమేనట. డ్యూటీలో వేయకూడదు గనక సాయంత్రాలు వేసుకుంటుందట. ఎక్కడ కొంటావని అడిగితే, ఫోన్లో తెప్పించుకుంటానంది.

"పెద్ద బజార్లో కొట్టుంది కదా?" అంది దీక్షిత.

"అమ్మో, ఆ కొట్టా? ఆవిడ చెయ్యి పట్టుకుంటే వదలదండి. ఒక్కటి చూద్దామని వెళ్తే డజను ఎక్కించేస్తారు. తీసెయ్యమంటే చిట్లుతాయంటారు. అందరి ముందూ ఆ ప్రశ్నలొకటి, పెళ్ళయిందా, సంబంధాలు చూస్తున్నారా అని. మేం ఎవ్వరం వెళ్ళం."

ఆ అమ్మాయికి తన ఎదురుగా గొడుగు కింద నిలబడింది ఎవరో తెలియదు. దీక్షిత ఇక వెళ్దామన్నట్టు గొడుగు తిప్పింది. సత్యవేణి గారు మాత్రం తల దించి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. 'చెయ్యి పట్టుకుంటే వదలదు.' రాస్తున్నప్పుడు పెన్ను ఒకచోట ఆగింది. మళ్ళీ కదిలింది. ఇంకో పద్నాలుగుమందిని అడిగారు. మాటలు వేరుగా ఉన్నాయి గానీ తొమ్మిదిమంది చెప్పింది అదే.

కొట్టు దగ్గరికి వచ్చాక దీక్షిత, "సారీ ఆంటీ" అంది.

"నువ్వెందుకమ్మా సారీ" అని సత్యవేణి గారు పీట మీద కూర్చుని తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "ఈ చేతులతో ఇన్నేళ్ళు కొట్టు నిలబెట్టాననుకున్నాను. సగం మందిని ఇవే బయట నిలబెట్టాయన్నమాట."

సూర్రావు గారు ఎవర్నీ అడగకుండానే వెళ్ళి టీ తెచ్చారు.

మర్నాడు కొట్లో పాఠాలు జరగలేదు. ఆ మర్నాడు కూడా. హాజరు తగ్గితే ఇంటర్న్‌షిప్ రద్దవుతుందని చెప్పడానికి వెళ్ళాను. వెళ్ళేసరికి కొట్టు ముందు వడ్రంగి ఉన్నాడు. వీధి వైపు నడుం ఎత్తున నిలువు అర ఒకటి బిగిస్తున్నాడు. దానికి కర్రలు. కర్రలకు సైజుల వారీగా గాజులు. పక్కన ఒక అద్దం. దీక్షిత అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాస్తోంది: 'మీరే వేసి చూసుకోండి. ఒక్కటైనా ఇస్తాం. ఎవరూ ఏమీ అడగరు.'

ఒక్కటైనా అన్నచోట సత్యవేణి గారికి ప్రాణం ఒప్పలేదు. "ఒంటి గాజు అమ్మడం ఏంటమ్మా, మా అత్తగారు ఉంటే కొట్టు కడిగించేది" అన్నారు. వాదన పొద్దున జరిగింది గనక సత్యవేణి గారు గెలిచారు. రెండింటికి చోట్లు మారాక దీక్షిత గెలిచింది. అట్ట కట్టేశారు.

వారానికి నర్సింగ్ అమ్మాయిలు ఇద్దరు వచ్చారు. తర్వాత గుంపుగా వచ్చారు. వాళ్ళు అద్దం ముందు నవ్వుకుంటూ వేసుకుంటుంటే, సత్యవేణి గారు లోపల కూర్చుని ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. అలవాటు అంత తొందరగా పోదు.

నేను వెళ్ళిన ఒక సాయంత్రం ఒకావిడ వచ్చింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది, నూలు చీర, భుజాన సంచీ. అంగన్‌వాడీలో పని చేస్తుందని తర్వాత తెలిసింది. అర దగ్గర చాలాసేపు నిలబడింది. నీలం గాజు ఒకటి తీసింది, పెట్టేసింది, మళ్ళీ తీసింది. కుడి చేతికి మెల్లగా ఎక్కించుకుని అద్దంలో మొహం కాదు, చెయ్యి చూసుకుంది. రెండో చేతికి కూడా ఒకటి వేసుకుని లోపలికి వచ్చింది.

"ఈ రెండూ ఇవ్వండి."

సత్యవేణి గారు తలూపి కాగితం తీశారు. "చుట్టమంటారా?" అన్న ఒక్క మాట తప్ప ఏమీ అడగలేదు.

"వద్దండి, ఉంచుకుంటాను" అంది ఆవిడ. వెళ్ళబోయి ఆగింది. "ఆరేళ్ళయిందండి ఈ కొట్టు మెట్టెక్కి. మీరు చెయ్యి పట్టుకుని, ఆయనేం చేస్తారమ్మా అంటారని... ఏం చెప్పాలో తెలియక ఇటు రావడం మానేశాను. నిన్న ఆ అట్ట చదివాను."

సత్యవేణి గారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించారు. ఆవిడ నవ్వి, బజారులోకి నడిచిపోయింది.

దీక్షిత ఆ మధ్యాహ్నపు హాజరు పుస్తకంలో 'నేర్పిన అంశం' అన్న గడిని ఖాళీగా వదిలేసింది. నేనూ నింపమనలేదు.

రెండు నెలలు పూర్తయ్యాయి. నివేదికలు కంప్యూటరుకు ఎక్కించాం. సత్యవేణి గారిది, దీక్షితది ఎనభై ఒక్క శాతం ఒకేలా ఉన్నాయని, ఒకరు చూసి రాశారని యంత్రం పట్టేసింది. ఎవరు ఎవర్ని చూసి రాశారని కమిటీ అడిగింది. ఇద్దరూ "నేనే" అన్నారు. ఒకే మాట రెండోసారి కూడా చెప్పడం వల్ల శాతం ఇంకొంచెం పెరిగింది. చివరికి సత్యవేణి గారికి 'బి' గ్రేడు వచ్చింది. దీక్షితకు మాత్రం, సత్యవేణి గారు ఇచ్చిన అనుభవ పత్రంతో వైజాగ్‌లో ఉద్యోగం దొరికింది. వెళ్ళేరోజు వచ్చి, తన చేతికి తానే ఏరుకుని రెండు నాలుగు సైజులో ఒక ఎర్ర గాజు వేసుకుంది. "డజను ఇస్తానే పిల్లా" అన్నారు సత్యవేణి గారు. "ఒక్కటే ఆంటీ" అంది.

ప్రిన్సిపాల్ గారు ఈ విజయాన్ని ఊరికే పోనివ్వదలచుకోలేదు. 'పరస్పర మార్గదర్శక విధానము' అని పేరు పెట్టి సభ ఏర్పాటు చేశారు. సత్యవేణి గారిని పరిచయం చేస్తూ ముప్పై ఐదు నిమిషాలు తన దూరదృష్టి గురించి మాట్లాడి, ఆవిడకు నాలుగు నిమిషాలు ఇచ్చారు.

సత్యవేణి గారు మైకు ముందు నిలబడి కొంగు సర్దుకున్నారు. తోటి విద్యార్థులంతా ఎదురుగా ఉన్నారు.

"నాకు ఉపన్యాసాలు రావు. ఇరవై రెండేళ్ళు చెప్పడమే చేశాను, అడగడం ఈమధ్యే నేర్చుకున్నాను. కాబట్టి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీలో నిజంగా ఎక్కడికైనా వెళ్ళి రెండు నెలలూ పని చేసినవాళ్ళు ఎంతమంది?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక వరసలో ఒక చెయ్యి లేచింది, టైర్ల షాపులో చేసినవాడిది. తర్వాత పాలకేంద్రంలో చేసిన అమ్మాయిది. మైకు దగ్గర సత్యవేణి గారు తన చెయ్యి ఎత్తారు. మూడు. అంతే. తర్వాత ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, చేతులెత్తని వాళ్ళే ఎక్కువ గట్టిగా.

సభ ముగిశాక ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. కళ్ళజోడు అప్పటికే బల్ల మీద ఉంది.

"ఎంతమంది ఎత్తారు?"

"ముగ్గురండి."

"మిగతా యాభై ఏడుగురి సర్టిఫికెట్లు?"

"నా గదిలో భద్రంగా ఉన్నాయండి. అన్నీ 'ఏ' గ్రేడులే."

ఆయన కళ్ళజోడును ఇంకొంచెం ముందుకు జరిపారు. "యాభై ఏడుగురు ఒక పద్ధతిని అనుసరిస్తూ ఉండగా, ఈ ముగ్గురు మాత్రము వేరుగా ప్రవర్తించుట వలన కళాశాల యందు గందరగోళము ఏర్పడినది. వీరి నుండి సంజాయిషీ కోరండి."

మెమో నేనే టైపు చేశాను. 'తాము పనిని వాస్తవముగా నేర్చుకొనుటకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను.' తీసుకెళ్ళి కొట్లో సత్యవేణి గారికి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కోపం వస్తుందేమో అనుకున్నాను. నవ్వారు.

"పోనీలెండి మేస్టారూ, ఇన్నాళ్ళకి కాలేజీ నన్ను ఒకటి అడిగింది. జవాబు ఇప్పుడే పట్టుకెళ్ళండి."

గాజులు చుట్టే కాగితం ఒకటి చింపి, గల్లా మీద పెట్టుకుని రాశారు. మడత పెట్టకుండా నా చేతికిచ్చారు.

'అయ్యా, నాకు అన్నీ వచ్చుననుకున్నాను. రావని తెలిసింది. అందుకని నేర్చుకున్నాను. ఇట్లు, బోడపాటి సత్యవేణి.'